అందులో ఏముందో నన్నడిగారా?

2025 అక్టోబరు రెండో వారం. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు సర్ది, కాసేపు నడుం వాలుద్దామనుకుంటూ ఉన్నాను. నాచారం నుంచి మా వదిన ఫోను. వదినంటే మా ఆయనకు అక్క. ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గర్లో వాళ్ల ఇల్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. పండగల ముందు ఆవిడ గుమ్మంలో చెప్పులు విడవడానికి కూడా చోటుండదు.

"ఏమే, మా కంప్యూటరు మీద ఏందో వస్తుంది. అక్టోబరు 14 తర్వాత ఇగ ఏం జెయ్యరంట. రిపేరు పిలగాడు వచ్చి కూసున్నడు. 499 ఇస్తే కొత్త విండోసు ఏస్తనంటుండు. రేపటిదాంకనే ఆ రేటంట. ఏయించాల్నా, వద్దా?"

"వదినా, నీకు పుణ్యముంటుంది. నేనొచ్చేదాకా దాని మీద ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యకు" అన్నాను. చీర కూడా మార్చుకోకుండా ఇంటికి తాళం వేసి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆటో ఎక్కేశాను. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే ఆ నిమిషం గంటలా అనిపించింది. ఇంటికి నిప్పంటుకున్నట్టు ఆ పరుగేమిటని మీరు నవ్వుకుంటారేమో! నవ్వకండి. పన్నెండేళ్ల క్రితం ఇలాంటి తగ్గింపు ధరే మా ఇంటికీ వచ్చింది. అది ఏం పట్టుకుపోయిందో చెబితే నా పరుగు మీకే అర్థమవుతుంది.

నాకు 2010లో పెళ్లయింది. అప్పటికి ఉస్మానియాలో డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లు. మా ఆయనకు నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం కావడంతో ఉప్పల్లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మరుసటేడు బాబు పుట్టాడు. 2012 డిసెంబరులో వాయిదాల మీద కంప్యూటరు కొన్నాం. అందులో విండోస్ 7 ఉండేది. దానికి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టింది మా అత్తయ్య. రోజూ దుమ్ము తుడిచేది నేను. పాస్ వర్డు మాత్రం ఆయనకే తెలుసు. తర్వాత ఎప్పుడో, కరెంటు బిల్లు కట్టాల్సి వచ్చి, నాకూ చెప్పారు లెండి.

పాస్ వర్డు తెలిశాక నాకు మధ్యాహ్నాలు వేరుగా గడవడం మొదలైంది. బాబు పడుకోగానే కంప్యూటరు ముందు కూచునేదాన్ని. లేఖినిలో తెలుగు టైపు చేసుకుని, దాన్ని వర్డులోకి మార్చుకుని దాచుకునేదాన్ని. కాలేజీలో ఉన్నప్పుడు నోటు పుస్తకాల్లో రాసుకున్న కథలు, పెళ్లయ్యాక తోచినవి, అన్నీ కలిపి తొమ్మిది. వాటిలో రెండు పత్రికల్లో అచ్చయ్యాయి. తక్కిన ఏడింటికీ ఆ కంప్యూటరే కాగితం, అదే బీరువా. వాటిని ఉంచిన ఫోల్డరుకి పేరు కూడా పెట్టలేదు. 'న్యూ ఫోల్డర్' అనే వదిలేశాను. ఎవరైనా తెరిచి చూస్తే ఏమనుకుంటారోనని సిగ్గు!

అప్పటికే విండోస్ 8 వచ్చేసింది. అది విడుదలైంది 2012 అక్టోబరు 26న. దానితోపాటే ఒక తగ్గింపు పథకం కూడా వచ్చింది. పాత విండోస్ ఉన్నవాళ్లు ఇంటర్నెట్టు నుంచి దింపుకుంటే 1,999 రూపాయలు. 2012 జూన్ 2 తర్వాత విండోస్ 7తో కొత్త కంప్యూటరు కొన్నవాళ్లకైతే 699 మాత్రమే. 2013 జనవరి 31 వరకే ఆ రేట్లని ప్రకటనలు. మా ఆయన కాగితం మీద లెక్క వేసి మరీ చూపించారు. "చూశావా, పదమూడొందలు మిగులు!" అన్నారు. అసలు కొనకపోతే మొత్తం 699 మిగులుతుంది కదా అని నాకు తోచింది. పైకి అనలేదు. కంప్యూటరు విషయంలో నాకేం తెలుసని అంటాను?

డబ్బు కట్టడం వరకూ బాగానే జరిగింది. దింపుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు. అప్పట్లో మా ఇంట్లో నెట్టంటే కిటికీ దగ్గర పెడితేనే సిగ్నల్ అందుకునే డేటా కార్డు. అంత పెద్ద ఫైలు దానితో ఎప్పటికి దిగాలి? జనవరి ఆఖరి ఆదివారం మా ఆయన సీపీయూని తువ్వాలులో చుట్టి, స్కూటరు ముందు పెట్టుకుని, ఒక రిపేరు షాపుకి పట్టుకుపోయారు. నిజానికి విండోస్ 7 నుంచి 8కి మారేటప్పుడు మన ఫైళ్లు ఉన్నచోట ఉన్నట్టే ఉంచుకునే వీలుంది. కానీ షాపు కుర్రాడికి అదంతా ఆలస్యం. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించడం సులువు. దాన్నే 'ఫార్మాట్ కొట్టడం' అంటారు. కొట్టేముందు పాపం అతను అడిగాడు కూడా.

"ఇంపార్టెంట్ ఏమన్న ఉన్నయా సార్?"

"ఏం లేవు తమ్మీ. ఫోటోలు పెన్ డ్రైవులో ఉన్నయి. కానియ్" అన్నారట మా ఆయన.

సాయంత్రం సీపీయూ ఇల్లు చేరింది. రంగురంగుల పలకలతో కొత్త తెర వచ్చింది. కింద మూల ఉండే స్టార్ట్ బటన్ మాయమైంది. దాని కోసం ఆయన వెతుక్కుంటూ ఉంటే, నేను వెనక నిలబడి నా ఫోల్డరు కోసం వెతికాను. అప్పటికి చెప్పాను. "ఇందులో నా కథలుండాలండీ" అన్నాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది. నిజంగానే ఆయనకు తెలియదు. "మళ్లీ రాసుకోవచ్చులే" అన్నారు, ఏమనాలో తోచక. ఆ రాత్రి ఉప్మా చేశాను. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఏడింటిలో మూడు మళ్లీ రాశాను. నాలుగు రానేలేదు. కథ గుర్తుంది, పాత్రలు గుర్తున్నాయి. కానీ ఆ వాక్యాలు రావు కదా! ఇరవై ఐదేళ్ల వయసులో, ఒళ్లో పిల్లవాణ్ణి పెట్టుకుని, ఒంటి చేత్తో కొట్టిన వాక్యాలవి. ముప్ఫై ఎనిమిదేళ్ల నేను ఎన్ని రాసినా ఆ అమ్మాయి రాసినట్టు రాయలేను.

తప్పెవరిదంటారు? ఆయనదా? తనకు తెలిసినంతలో నిజమే చెప్పారు. షాపు కుర్రాడిదా? అడగాల్సింది అడిగాడు. అయితే ఒక్క మాట గమనించండి. మిక్సీ మార్చాలంటే మన ఇళ్లలో నన్నడగకుండా ఎవరూ కొనరు. స్టవ్వు బర్నర్లు రెండా మూడా అన్నది నా ఇష్టమే. అదే కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి అది ఆయనది, పిల్లలది. దుమ్ము తుడవడం మాత్రం నాది. అందులో ఇల్లాలి సొత్తు కూడా ఏమైనా ఉండొచ్చన్న ఊహే రాదు ఎవరికీ. తప్పంతా వాళ్లదే అనడం లేదు. ఫోల్డరుకి పేరు పెట్టడానికే సిగ్గుపడ్డ నాకు, దాన్ని కాపాడమని అడిగే నోరెక్కణ్ణుంచి వస్తుంది?

పోనీ, కథలంటే నాలాంటి ఏ కొద్దిమందికో ఉండే పిచ్చి అనుకోండి. మీ ఇంట్లో కంప్యూటరు ఒక్కసారి తెరిచి చూడండి. చిట్టీల పట్టిక ఎవరు రాస్తున్నారు? మహిళా సంఘం పొదుపు లెక్కలు ఎవరివి? పచ్చళ్ల ఆర్డర్లు, ట్యూషను పిల్లల ఫీజులు, స్కాన్ చేసి దాచిన మార్కుల మెమోలు, పోయిన అమ్మ గొంతుతో ఉన్న పాత వీడియో... ఇవన్నీ ఎవరు దాచుకున్నారు? "ఏం లేవు, కానియ్" అన్న ఒక్క మాటకి పోయేవి ఇవే.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే...

అన్నట్టు, ఈ విండోస్ అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. కంప్యూటరుకి అది వంటిల్లులాంటిది. పొయ్యి ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ఏ గూట్లో ఏ డబ్బా అన్న ఏర్పాటంతా అదే చూస్తుంది. మనం టైపు చేసేవీ, లెక్కలు రాసుకునేవీ ఆ వంటింట్లో వండుకునే వంటలు. అప్ గ్రేడ్ చేయించడమంటే వంటిల్లు మళ్లీ కట్టించడమే. ఏ తెలివైన ఇల్లాలైనా పనివాళ్లు గడ్డపార దించకముందే డబ్బాలన్నీ తీసి హాల్లో పెడుతుంది కదా! కంప్యూటరు దగ్గర మాత్రం డబ్బాలు లోపలుండగానే గోడలు కూలగొట్టిస్తున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం.

ఈ వంటిల్లు ఎన్నేళ్లు ఉంటుందన్నది కంపెనీయే చెబుతుంది. విండోస్ ఎక్స్ పీ 2001లో వచ్చింది. దానికి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆపేశారు. 2009లో వచ్చిన విండోస్ 7కి 2020 జనవరి 14న ఆగిపోయాయి. మేం ముచ్చటపడి 699కి తెచ్చుకున్న విండోస్ 8కైతే 2016 జనవరి 12తోనే సరి! నిండా నాలుగేళ్లు కూడా కాలేదు. 2013 అక్టోబరులో దాన్నే సవరించి 8.1గా ఉచితంగా ఇచ్చారు, పోయిన స్టార్ట్ బటన్ కూడా తిరిగి వచ్చింది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చినప్పుడు 7, 8.1 వాడేవాళ్లకి ఏడాదిపాటు ఉచితంగానే ఇచ్చారు. దానికి గడువు 2025 అక్టోబరు 14. మా వదిన తెర మీద కనిపించింది ఆ తేదీయే.

గడువంటే ఆ రోజు అర్ధరాత్రి కంప్యూటరు ఆగిపోతుందని కాదు. మర్నాడు కూడా ఎప్పటిలాగే వెలుగుతుంది. కాకపోతే దొంగలు దూరే సందులు ఎప్పటికప్పుడు పూడ్చే పని కంపెనీ మానేస్తుంది. వాచ్ మన్ మానేసిన అపార్టుమెంటు లాంటిదన్నమాట. ఆ రాత్రే దొంగలు పడతారని కాదు. అలాగని నెలల తరబడి తలుపులు తెరుచుకుని పడుకోలేం. ముఖ్యంగా అదే కంప్యూటర్లో బ్యాంకు పనులు కూడా చేసుకునేవాళ్లు అసలు అశ్రద్ధ చేయకూడదు.

కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ

ఇక నాచారం సంగతికి వద్దాం. నేను వెళ్లేసరికి కుర్రాడు కుర్చీలో కూచుని ఉన్నాడు. పాతికేళ్లుంటాయి. మంచివాడిలాగే ఉన్నాడు. వదిన అతనికి టీ కూడా ఇచ్చింది.

"తమ్ముడూ, ఈ 499 దేనికి?" అనడిగాను.

"కీ కి మేడమ్. లైఫ్ టైమ్. విండోస్ 11 వేసిస్తా."

"విండోస్ 10 ఉండి, సరిపోయే కంప్యూటరైతే 11ని కంపెనీయే ఉచితంగా ఇస్తోంది కదా. మరి కీ ఎందుకు?"

అతను కొంచెం తడబడ్డాడు. "అంటే... మీ సిస్టమ్ కి అది రాదు మేడమ్. మేం వేరే పద్ధతిల ఏస్తం. ఏం గాదు."

అతను చెప్పింది సగం నిజమే. మా వదిన కంప్యూటరు 2016లో కొన్నది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటుతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరంది, లేదా ఆ తర్వాతది అయ్యుండాలి. ఇవన్నీ చూసి చెప్పడానికి 'పీసీ హెల్త్ చెక్' అని కంపెనీ వాళ్లదే ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అది పెట్టి చూస్తే మా వదిన దాంట్లో ఉన్నది 6వ తరం. కుదరదని తేల్చేసింది. కుదరని దాంట్లో బలవంతంగా ఎక్కించే కిటుకులు ఉన్నమాట నిజమే. కానీ అలా ఎక్కించినదానికి ముందుముందు మరమ్మతులు అందుతాయన్న హామీ లేదని కంపెనీయే చెబుతోంది. కొత్తది వేయించుకునేదే ఆ మరమ్మతుల కోసమాయె!

ఇక ఆ 499 రూపాయల కీ సంగతి. కీ అంటే 25 అక్షరాల తాళంచెవి. ఇంత చవకగా తిరిగేవాటిలో చాలావరకు సంస్థలు తమ వాడకానికి మొత్తంగా తీసుకున్న లైసెన్సుల్లోంచి, లేదా తుక్కు కింద పోయిన కంప్యూటర్లలోంచి బయటికొచ్చినవి. ఒకే కీని పదిమందికి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇవాళ పనిచేస్తుంది. ఏదో ఒకరోజు కంపెనీ దాన్ని ఆపేస్తే మనం చేయగలిగింది ఏమీ ఉండదు. చేతిలో బిల్లుండదు, అడగడానికి మొహముండదు. ఇంకొందరైతే కీ కూడా లేకుండా 'క్రాక్' వేసి పోతారు. అది వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలి. కాపలాకుక్కని కట్టేసి, ముక్కూమొహం తెలియనివాణ్ణి లోపలికి పిలిచినట్టే కదా! కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారు. ఈ బేరంలో వచ్చే గుమ్మడికాయలో ఏ పురుగుందో మనకి కనపడదు.

"సరే తమ్ముడూ, లోపలున్నవి తీసి పెట్టావా?" అనడిగాను.

"డీ డ్రైవుల ఉంటే ఏం గావు మేడమ్."

"కొలతలు ఎక్కడున్నాయి వదినా?"

"ముంగట్నే ఉంటదే. తెరవంగనే కనిపిస్తది" అంది వదిన.

తెరవగానే కనిపించేది డెస్క్ టాప్. అది ఉండేది సాధారణంగా సీ డ్రైవులో. ఫార్మాట్ కొడితే మొదట పోయేది అదే. నా ఏడు కథలూ ఉన్నదీ అక్కడే.

కొలతలంటే ఏవో నాలుగంకెలు అనుకునేరు! మూడు వందల పైచిలుకు మంది ఆడవాళ్లవి. ఎవరికి భుజం కాస్త దిగి ఉంటుందో, ఎవరికి చేతులు బిగుతుగా ఉంటే నచ్చదో, బాలింతరాలికి హుక్కులు ఎటువైపు పెట్టాలో, అన్నీ పేరు పేరునా రాసుకుంది. వాళ్లబ్బాయి పుణె ఉద్యోగానికి వెళ్లేముందు ఎక్సెల్లో పట్టిక గీసిచ్చి పోయాడు. నింపుకున్నది మాత్రం ఈవిడే. ఎనిమిదేళ్ల చేతిపని అంతా అందులో ఉంది. అది పోతే మళ్లీ మూడు వందల మందిని పిలిచి టేపు పట్టాలి. పిలిస్తే ఎంతమంది వస్తారు? రానివాళ్లు ఇంకో టైలరుని చూసుకుంటారు. 499 రూపాయలకి!

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టాలని నాకు లేదు. వచ్చినందుకు వదిన వంద రూపాయలు ఇచ్చి పంపించింది. అతనూ నొచ్చుకోలేదు. "పెన్ డ్రైవు కొనుక్కోండి మేడమ్, మంచిదే" అని తనే చెప్పి వెళ్లాడు.

తర్వాత మేమిద్దరం కూచుని చేసిన పని ఇది. ముందు నా సంచిలోని పెన్ డ్రైవులోకి కొలతలు, ఫోటోలు, ఇంటి కాగితాలు ఎక్కించాం. అక్కడితో ఆగకుండా వేరే ఫోన్లో తెరిచి, అవి నిజంగా వచ్చాయో లేదో చూశాం. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు. తర్వాత సెట్టింగుల్లో విండోస్ అప్ డేట్ తెరిస్తే, అదనపు భద్రత కోసం నమోదు చేసుకోమని కనిపించింది. విండోస్ 10 వదల్లేని ఇళ్ల కోసం కంపెనీ ప్రకటించిన ఏర్పాటది. 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు ఇస్తామన్నారు. దానికి మూడు దారులు పెట్టారు. మొదటిది 30 డాలర్లు, లేదా దానికి సమానమైన మన డబ్బు కట్టడం. రెండోది వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి ఉంటే వాటిని వాడుకోవడం. మూడోది మన సెట్టింగులు వాళ్ల దగ్గర దాచుకోవడానికి ఒప్పుకోవడం. దీనికి పైసా అక్కర్లేదు. మా వదిన మూడోదే ఎంచుకుంది. ఉచితమే, కానీ దానికీ ఒక ధర ఉంది సుమండీ. ఏ దారిలో వెళ్లినా వాళ్ల దగ్గర మన పేరున ఖాతా తెరవాలి. ఆ సంగతి కూడా వదినకి చెప్పి, ఆవిడ సరేనన్నాకే బటన్ నొక్కించాను. నొక్కింది నేను కాదు, ఆవిడే.

మరి తర్వాత ఏం చేయాలి అంటే, ఈలోగా ఆలోచించుకోవడానికి సమయం దొరికింది కదా! పాత కంప్యూటరు మీద లినక్స్ వేసుకోవచ్చు. అది ఎప్పుడూ ఉచితమే, దానికి కీలు, తాళాలు ఉండవు. పెన్ డ్రైవు నుంచే నడిపి, నచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే లోపల ఎక్కించుకునే వీలుంది. మన హైదరాబాదులోనే 'స్వేచ్ఛ' అనే సంస్థ వాళ్లు తెలుగులో కనిపించే లినక్స్ ని తయారుచేశారు. లేదంటే మంచి స్థితిలో ఉన్న వాడిన కంప్యూటరు చూసుకోవచ్చు. ఉప్పల్లో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా పారడైజ్ దగ్గర దిగొచ్చు. అక్కణ్ణుంచి పార్క్ లేన్ లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఎంతో దూరం లేదు. అంతస్తులకి అంతస్తులు కంప్యూటరు షాపులే. నాలుగు చోట్ల అడిగి, ప్రాసెసరు ఏ తరానిదో బిల్లు మీద రాయించుకుని మరీ తెచ్చుకోవచ్చు.

తొందర ఎవరిది?

ఇదంతా విని "అయితే కంపెనీ చెప్పినట్టల్లా ఆడమంటావా?" అని ఎవరైనా అడగొచ్చు. అలా అనడం లేదు. రాయికి మల్లే ఉన్న కంప్యూటర్ని, ఒక చిప్పు లేదన్న కారణంతో పాతబడిపోయిందనడం నాకూ మింగుడుపడదు. మా అత్తయ్య ఇత్తడి బిందె మూడు తరాలు చూసింది. ఇక్కడేమో తొమ్మిదేళ్లకే తుక్కు! ఆ తుక్కంతా ఎక్కడికి పోతుంది? దీని గురించి గట్టిగానే అడగాలి. కానీ ఆ కోపంతో ముక్కూమొహం తెలియని కీ కొనుక్కుంటే నష్టం మనకే, కంపెనీకి కాదు.

"అంత డబ్బు పెట్టలేనివాళ్లం, చవగ్గా వస్తే తప్పేమిటి?" అనేవాళ్లూ ఉన్నారు. చవక తప్పని నేనెందుకంటాను? ఆషాఢంలో చీరల తగ్గింపు కోసం ఎదురుచూసే మనిషినే నేనూ. కానీ ఆ చీరల దగ్గర మనం ఏం చేస్తాం? మడత విప్పి, వెలుగులో పెట్టి, తిరగేసి చూసి, అంచు లాగి, కొంగులో నేత తప్పుందేమో వెతికి, "ఇదెందుకు తగ్గించారు?" అని నిలదీసి మరీ కొంటాం. షాపువాడు "ఇంక రెండే పీసులున్నాయమ్మా" అంటే నవ్వి, కాసేపు అలా తిరిగొస్తాం. ఆ తెలివితేటలన్నీ కంప్యూటరు దగ్గర ఏమైపోతున్నాయి? "రేపటిదాకానే" అనగానే ఎందుకు బెదురుతున్నాం? తగ్గింపు ధరతోపాటు వచ్చే ఆ గడువే మనల్ని మోసం చేసేది. 2013 జనవరిలో 31వ తేదీ ముంచుకొస్తోందన్న తొందర లేకపోతే, మా ఆయన ఆ ఆదివారం నాతో ఒక్క మాట అనేవారేమో. ఆ పథకంలో మోసమేమీ లేదు. సరైన ధరకి సరైన వస్తువే వచ్చింది. మేం ఒకరినొకరం అడుక్కోకుండా పరుగెత్తడమే పోగొట్టింది.

అంచేత ఇలాంటి తగ్గింపు ఏది వచ్చినా నాలుగు సంగతులు తేల్చుకోమంటాను. ఒకటి, ఈ కంప్యూటర్లో ఎవరెవరి పని ఉంది? ఇంట్లో ప్రతి ఒక్కర్నీ, అత్తగార్నీ పదేళ్ల పిల్లనీ కూడా అడగాలి. రెండు, అదంతా రెండో చోట భద్రంగా ఉందా, తెరిచి చూశామా? మూడు, ఇదే వస్తువు కంపెనీ దగ్గర ఉచితంగా వస్తుందేమో కనుక్కున్నామా? నాలుగు, బిల్లిస్తారా? ఈ నాలుగింటికీ జవాబు దొరికేదాకా సీపీయూ గడప దాటకూడదు.

ఇంకొక్క జాగ్రత్త. "మీ విండోస్ గడువు అయిపోయింది, మేం సరిచేస్తాం" అంటూ ఎవరైనా ఫోను చేసినా, తెర మీద నంబరు చూపించి కాల్ చేయమన్నా నమ్మకండి. ఏ కంపెనీ అలా ఇంటింటికీ ఫోన్లు చేయదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. సైబర్ నేరాల ఫిర్యాదులకి దేశమంతటికీ అదే నంబరు.

ఆ సాయంత్రం నాచారం నుంచి తిరిగొచ్చేసరికి చీకటి పడింది. జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. పన్నెండేళ్ల కిందటి ఆదివారం ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది. "మన దాంట్లో నీవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి చూపించు" అన్నారు. చూపించాను. ఇప్పుడా ఫోల్డరుకి పేరుంది. 'నా కథలు' అని తెలుగులోనే పెట్టాను. దానికి ఒక నకలు పెన్ డ్రైవులో, బీరువాలో పట్టుచీరల మధ్య ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వదిన ఫోను చేసింది. తన పట్టికకి తనే పేరు మార్చుకుందట. "ఇదివరకు 'షీట్ 1' అని ఉండేదే. ఇప్పుడు నా పేరు పెట్టిన. ఎవడన్న తుడవాల్నంటె నా పేరు జూసి అడగాలె గద!" అంది.

మీ ఇంట్లో కంప్యూటర్లో మీ సొత్తు ఏ పేరుతో ఉంది? ఇవాళ వంట అయ్యాక ఒకసారి తెరిచి చూసుకోండి. పేరు లేకపోతే పెట్టండి. తర్వాత, ఎవరూ అడగకపోయినా సరే, అందులో మీవేమున్నాయో ఇంట్లో అందరికీ వినపడేలా ఒక్కసారి చెప్పండి.